పదిహేను వందల గీతకు ఏ పక్కన?

కొత్త కారు మాట వచ్చిన ఇంట్లో చర్చ సాధారణంగా రెండు ముక్కలుగా నడుస్తుంది. టర్బో ఇంజిన్ కావాలా, మామూలు ఇంజిన్ సరిపోతుందా అన్నది ఒక ముక్క. చేత్తో గేర్లు మార్చుకునే మాన్యువలా, క్లచ్ లేని ఆటోమేటిక్కా అన్నది రెండోది. మొదటిదాన్ని పికప్ సంగతిగా, రెండోదాన్ని సుఖం సంగతిగా చూస్తారు. ఒకదానికి ఒకరు, ఇంకోదానికి ఇంకొకరు ఓటేసి, చివరికి షోరూంలో ఏ బండి త్వరగా ఇస్తామంటే దాని దగ్గర ఆగిపోతారు. పద్నాలుగు పదిహేను లక్షలు పోసి ఏడెనిమిదేళ్లు వాడుకోబోయే వస్తువుకు ఈ పద్ధతి చాలదు. ఎందుకంటే టర్బో సెడాన్‌లో ఈ రెండు ప్రశ్నలు విడివిడిగా లేవు. టర్బో వచ్చాక గేరు పెట్టె చేసే పని తీరే మారిపోయింది. కొన్ని రోడ్ల మీద గేరు మార్చే అవసరాన్ని టర్బో దాదాపుగా తీసేస్తుంది, ఇంకొన్ని రోడ్ల మీద అదే పనిని పెంచి కాలి మీద పెడుతుంది. ఆ రెండు రకాల రోడ్లనూ విడదీసే గీత ఇంజిన్ నిమిషానికి పదిహేను వందల చుట్లు తిరిగే చోట ఉంది. మీ బండి ఆ గీతకు పైన ఎక్కువ తిరుగుతుందా, కింద ఎక్కువ తిరుగుతుందా అన్నది తేలితే టర్బో మాన్యువల్ సెడాన్ కొనాలో వద్దో చాలావరకు తేలినట్టే. ధర, మైలేజి, రీసేల్ అన్నీ దాని తర్వాతి లెక్కలు.

టర్బో కొత్తగా పుట్టిన విద్య కాదు. స్విట్జర్లాండ్ ఇంజినీరు ఆల్‌ఫ్రెడ్ బూషీ 1905లోనే దీనికి పేటెంట్ తీసుకున్నాడు. ఇంజిన్ నుంచి బయటికి పోయే వేడి పొగ ఒక చిన్న టర్బైన్ చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసుకు రెండో కొసన ఉన్న చక్రం బయటి గాలిని పీల్చి, నొక్కి సిలిండర్లలోకి పంపుతుంది. ఊదుగొట్టంతో ఊదితే పొయ్యి భగ్గుమన్నట్టు, ఎక్కువ గాలి అందిన చిన్న ఇంజిన్ ఎక్కువ పెట్రోలు కాల్చి పెద్ద ఇంజిన్ బలం ఇస్తుంది. 1962లో అమెరికాలో ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్, షెవ్రోలె కోర్వెయిర్ ఈ ఏర్పాటుతో అమ్మకానికి వచ్చాయి. ఆ తర్వాత చాలా ఏళ్లు పెట్రోలు కార్లలో టర్బో వేగం మీద మోజున్నవారి వస్తువుగానే ఉండిపోయింది. పొగ నిబంధనలు, ఇంధన పొదుపు నిబంధనలు బిగిసే కొద్దీ కంపెనీలు ఇంజిన్ సైజు తగ్గించి టర్బో తగిలించడం మొదలుపెట్టాయి. మన దేశంలో 2020 ఏప్రిల్‌లో బీఎస్-6, 2023 ఏప్రిల్‌లో నడుస్తున్న బండి పొగను రోడ్డు మీదే కొలిచే రెండో దశ వచ్చాయి. ఆ దెబ్బకు ఈ ధరలోని సెడాన్లలో డీజిల్ నిలవలేకపోయింది. డీజిల్ ఖాళీ చేసిన చోటులోకే టర్బో పెట్రోలు వచ్చింది. అయితే దీని ఏర్పాటులోనే ఒక షరతు ఉంది. పొగ జోరుగా వస్తే తప్ప టర్బైన్ జోరుగా తిరగదు. ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతున్నంతసేపూ అది టర్బో లేని చిన్న ఇంజినే.

అంకెలు చూస్తే ఈ సంగతి స్పష్టమవుతుంది. హ్యుందాయ్ వెర్నాలో టర్బో లేని 1.5 లీటర్ల పెట్రోలు ఇంజిన్ 115 హార్స్‌పవర్, 144 న్యూటన్ మీటర్ల టార్క్ ఇస్తుంది. ఆ టార్క్ పూర్తిగా చేతికి రావాలంటే ఇంజిన్ 4500 చుట్లు తిరగాలి. ఫోక్స్‌వ్యాగన్ వర్టస్‌లో ఒక్క లీటరు టర్బో ఇంజిన్ హార్స్‌పవర్ కూడా 115. టార్క్ మాత్రం 178, అదీ 1750 చుట్ల నుంచే. బ్రోచర్‌లో హార్స్‌పవర్ గడి ఒక్కటే చూసేవారికి ఈ రెండూ సమానంగా కనిపిస్తాయి, రోడ్డు మీద మాత్రం వేర్వేరు బండ్లు. వెర్నాలోనే 1.5 లీటర్ల టర్బో తీసుకుంటే 160 హార్స్‌పవర్, 253 న్యూటన్ మీటర్లు. 1500 నుంచి 3500 చుట్ల దాకా ఆ టార్క్ తగ్గకుండా ఒకే ఎత్తున నిలబడుతుంది. వర్టస్, స్కోడా స్లావియాల్లో వచ్చిన 1.5 లీటర్ల ఇంజిన్‌లో 150 హార్స్‌పవర్, 250 న్యూటన్ మీటర్లు, 1600 నుంచి 3500 దాకా. 2020 నాటి వెర్నా డీజిల్ టార్క్ కూడా సరిగ్గా 250. కాబట్టి డీజిల్ సెడాన్‌లో లాగుడు రుచి తెలిసినవారికి దాని నిజమైన వారసురాలు టర్బో పెట్రోలే. షోరూముల్లో హార్స్‌పవర్‌ను ఊరించి చెబుతారు కానీ, ఏ చుట్ల దగ్గర ఎంత టార్క్ వస్తుందో చూపే గీతల బొమ్మను ఎవరూ ముందు పెట్టరు. కొనేవాడికి అవసరమైన బొమ్మ అదే.

ఇప్పుడు గీతకు పైనున్న రోడ్డు చూద్దాం. హైదరాబాద్ నుంచి విజయవాడకు 65వ నంబరు జాతీయ రహదారి మీద దాదాపు 270 కిలోమీటర్లు. నాలుగు వరసల రోడ్డే అయినా, కుడి వరసలో సిమెంటు లారీ, ఎడమ వరసలో గ్రానైట్ లారీ, మధ్యలో ఒక్కసారిగా రోడ్డు దాటే ట్రాక్టరు తప్పవు. వేగం వంద నుంచి అరవైకి పడటం, మళ్లీ వందకు చేరడం అక్కడ నిమిషనిమిషానికీ జరిగే పని. ఇలాంటి చోట వెర్నా టర్బో 2000 చుట్ల దగ్గర తన 253 న్యూటన్ మీటర్లతో దాదాపు 72 హార్స్‌పవర్ ఇస్తుంది. టార్క్‌ను చుట్లతో గుణిస్తే తేలే లెక్క ఇది. 144 న్యూటన్ మీటర్ల మామూలు ఇంజిన్ అదే 72 ఇవ్వాలంటే కనీసం 3500 చుట్లు తిరగాలి. అంటే లారీని దాటే ప్రతిసారీ డ్రైవరు ఒకటి రెండు గేర్లు కిందికి వేసి, ఇంజిన్‌ను అరిపించి, మళ్లీ పైకి వేసుకోవాలి. టర్బో ఉంటే ఉన్న గేరులోనే యాక్సిలరేటర్ కాస్త నొక్కితే సరిపోతుంది. మాన్యువల్ మీద మామూలుగా వచ్చే ఫిర్యాదు గేర్లు మార్చి మార్చి విసుగొస్తుందనే కదా. ఆ విసుగుకు సగం కారణం టార్క్ లేని ఇంజిన్లు. టార్క్ ఉన్న ఇంజిన్‌తో హైవే మీద మాన్యువల్ దాదాపు ఆటోమేటిక్ అంత తీరికగా నడుస్తుంది. పైగా లారీ వెనక నుంచి బయటికి వచ్చేముందు ఏ గేరు కావాలో డ్రైవరు ముందే నిర్ణయించుకుని వేసుకోగలడు. ఆటోమేటిక్ అయితే పెడల్ నొక్కాక ఆలోచించి, ఆ తర్వాత గేరు దించుతుంది. ఎదురుగా బండి వచ్చే రెండు వరసల రోడ్డు మీద ఆ క్షణం ఆలస్యం చిన్న విషయం కాదు. నల్గొండ, ప్రకాశం, కర్నూలు జిల్లాల్లో హైవే దిగాక వచ్చే రోడ్లన్నీ దాదాపు అలాంటివే.

ఘాట్ రోడ్ల మీద మాన్యువల్ విలువ ఇంకా బాగా తెలుస్తుంది. తిరుమలకు ఎక్కడానికి 1974 నాటి రెండో ఘాట్ రోడ్డు, దిగడానికి 1944 నాటి మొదటి ఘాట్ రోడ్డు వాడుకలో ఉన్నాయి. దిగేటప్పుడు మలుపు మలుపుకీ బ్రేకు మీద కాలు వేస్తే డిస్కులు కాలి పట్టు తగ్గుతుంది. రెండో గేరులో పెట్టి ఇంజిన్ చేతే బండిని ఆపిస్తూ దిగడం సరైన పద్ధతి. ఆటోమేటిక్‌లలోనూ చేత్తో గేరు పట్టి ఉంచే వీలుంటుంది, కానీ వాడేవారు తక్కువ. ఒక మాట మాత్రం ఒప్పుకోవాలి. ఒక్క లీటరు, మూడు సిలిండర్ల టర్బో ఇంజిన్ ఎక్కేటప్పుడు ఇచ్చిన బలాన్ని దిగేటప్పుడు బ్రేకింగ్‌గా తిరిగి ఇవ్వలేదు. పెడల్ వదిలేశాక టర్బో పని ఏమీ ఉండదు, మిగిలేది చిన్న ఇంజినే. అరకు, శ్రీశైలం, తిరుమల దారుల్లో తరచుగా పోయేవారు ఈ కారణంతోనైనా 1.5 లీటర్ల వైపు మొగ్గాలి.

గీతకు కిందనున్న రోడ్డు వేరే లోకం. టామ్‌టామ్ సంస్థ 2024 ట్రాఫిక్ లెక్కల ప్రకారం హైదరాబాద్ నడిబొడ్డున పది కిలోమీటర్లు పోవడానికి సగటున అరగంట పైనే పడుతోంది. అంటే సగటు వేగం గంటకు ఇరవై కిలోమీటర్ల లోపు. అమీర్‌పేట, మెహిదీపట్నం, హైటెక్ సిటీ సిగ్నళ్ల దగ్గర బండి మొదటి, రెండో గేర్ల మధ్య ఊగుతూ ఉంటుంది. ఇంజిన్ ఎనిమిది వందల నుంచి పదిహేను వందల చుట్ల మధ్యే ఎక్కువసేపు ఉంటుంది. టర్బోకు చేతకాని జాగా సరిగ్గా అదే. రెండో గేరులో బండి మెల్లగా పాకుతూ, ముందున్న ఆటో కదలగానే పెడల్ నొక్కితే ఒక క్షణం ఏమీ జరగదు. తర్వాత ఒక్కసారిగా బలం వచ్చి బండి ముందుకు దూకుతుంది. దీన్ని తప్పించుకోవడానికి డ్రైవరు క్లచ్‌ను సగం నొక్కి ఉంచి ఇంజిన్ చుట్లు పెంచుతాడు. హాఫ్ క్లచ్ అలవాటు అక్కడ మొదలవుతుంది, క్లచ్ ప్లేటు అరుగుదలా అక్కడే మొదలవుతుంది. పెద్ద టార్క్ ఇచ్చే ఇంజిన్‌కు పట్టు గట్టిగా ఉన్న క్లచ్ కావాలి కాబట్టి ఒక్కో బండిలో పెడల్ కూడా కాస్త బరువుగా ఉంటుంది. మామూలు ఇంజిన్ చిన్న బలమే ఇచ్చినా, అడిగిన వెంటనే ఇస్తుంది. గీత కింద నడిచే బండికి కావాల్సిన గుణం అదే. నగరంలోనే తిరిగేవారికి టర్బో మాన్యువల్ రెండు వైపులా నష్టం: డబ్బు పెట్టి కొన్న టర్బో పని చేయదు, ఆ లోటు పూడ్చే పని కాలికి చుట్టుకుంటుంది.

ఇంకో సంగతి ఉంది, దీన్ని అమ్మేవారు చెప్పడం తక్కువ. పెట్రోలు ఆదా అవుతుందని నలభై వేగంలోనే అయిదో గేరు వేసి లాగించడం మన డ్రైవింగ్ స్కూళ్ల కాలం నుంచీ అలవాటు. పెట్రోలును నేరుగా సిలిండర్‌లోకి చిమ్మే టర్బో ఇంజిన్లకు ఆ అలవాటు చెరుపు చేస్తుంది. తక్కువ చుట్ల దగ్గర పెద్ద భారం పడితే, స్పార్క్ ప్లగ్ నిప్పు వెయ్యకముందే సిలిండర్‌లో ఇంధనం అంటుకునే ప్రమాదం ఉంది. ఇంజినీర్లు దీన్ని లో స్పీడ్ ప్రీ ఇగ్నిషన్ అంటారు. ముదిరితే పిస్టన్ పగిలిపోతుంది. దీన్ని అరికట్టడానికే ఇంజిన్ ఆయిల్‌కు 2018లో ఏపీఐ ఎస్ఎన్ ప్లస్, 2020లో ఎస్పీ అనే కొత్త ప్రమాణాలు తెచ్చారు. ఆటోమేటిక్ గేరు పెట్టె అయితే పెడల్ గట్టిగా నొక్కగానే తనంతట తాను గేరు దించి ఇంజిన్‌ను కాపాడుతుంది. మాన్యువల్‌లో ఆ కాపలా డ్రైవరుదే. కాబట్టి ఈ బండి కొనేవారు పాత పొదుపు అలవాటును విడిచి, బలం కావాల్సినప్పుడు ముందు గేరు దించి ఆ తర్వాతే పెడల్ నొక్కడం నేర్చుకోవాలి. నేర్చుకోవడం కష్టమేమీ కాదు. ఇంట్లో బండి నడిపే అందరూ నేర్చుకోవాలి, అంతే.

అలాగైతే ఆటోమేటిక్కే తీసుకుంటే పోలా అని అడగొచ్చు. ఏ ఆటోమేటిక్ అన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది. వర్టస్, స్లావియాల ఒక లీటరు ఇంజిన్‌కు ఇచ్చినది ఆరు గేర్ల టార్క్ కన్వర్టర్. అందులో నూనె ద్వారానే బలం చేరుతుంది కాబట్టి పాకే ట్రాఫిక్‌ను ఓపిగ్గా భరిస్తుంది. 1.5 లీటర్ల ఇంజిన్లకు ఇచ్చినది ఏడు గేర్ల డ్యూయల్ క్లచ్. అందులో రెండు క్లచ్‌లుంటాయి, వాటిని మనిషి కాలికి బదులు కంప్యూటరు నొక్కుతుంది. ఈ తరగతిలో ఎక్కువగా కనిపించే డ్రై రకంలో వాటిని చల్లబరిచే నూనె ఉండదు. గంటసేపు అడుగడుగునా ఆగుతూ పోతే కంప్యూటరైనా చేసేది హాఫ్ క్లచ్చే, ఆ వేడి క్లచ్‌లకే తగులుతుంది. 2013లో చైనాలో ఫోక్స్‌వ్యాగన్ డ్యూయల్ క్లచ్ లోపాల కారణంగా 3.84 లక్షల కార్లను వెనక్కి పిలిపించింది. ఆ తర్వాత ఈ పెట్టెలు బాగా మెరుగుపడ్డాయి, అప్పటి లోపాన్ని ఇప్పటి బండికి అంటగట్టడం న్యాయం కాదు. అయినా నిర్మాణం చిక్కుగానే ఉంది. వారంటీ ముగిశాక అందులోని కంట్రోల్ యూనిట్ పాడైతే వీధి చివర మెకానిక్ చేయగలిగింది ఏమీ ఉండదు. మాన్యువల్ క్లచ్ అరిగితే ఖమ్మంలోనైనా ఒంగోలులోనైనా దించి, కొత్తది వేసి, సాయంత్రానికి బండి ఇచ్చే మెకానిక్‌లు ఉన్నారు. బండిని పదేళ్లు ఉంచుకునేవారికి ఈ తేడా పెద్దది. మూడేళ్లకో నాలుగేళ్లకో మార్చేసేవారికి వారంటీ కాపు కాస్తుంది కాబట్టి ఇది అంత బరువైన కారణం కాదు.

మాన్యువల్‌తో మైలేజి ఎక్కువ వస్తుందన్న పాత నమ్మకాన్ని కంపెనీల సొంత అంకెలే నిలబెట్టడం లేదు. వెర్నా టర్బో మాన్యువల్‌కు కంపెనీ చెప్పిన మైలేజి లీటరుకు 20 కిలోమీటర్లు, డ్యూయల్ క్లచ్‌కు 20.6. వర్టస్ ఒక లీటరు ఇంజిన్ విషయంలో మాత్రం విడుదలనాటి అంకెలు మాన్యువల్ వైపే ఉన్నాయి: 19.40, ఆటోమేటిక్‌కు 18.12. ఏడాదికి పన్నెండు వేల కిలోమీటర్లు, పెట్రోలు లీటరు 107 రూపాయలు అనుకుని లెక్క వేస్తే మొదటి బండిలో తేడా ఏడాదికి రెండు వేల లోపు, రెండోదాంట్లో ఐదు వేల లోపు. ఇంత చిన్న మొత్తం కోసం క్లచ్ తొక్కక్కర్లేదు, వదలక్కర్లేదు కూడా. టర్బో కాలి బరువును బట్టి తాగుతుంది. ఎనభై తొంభై వేగంలో నిలకడగా పోతే పొదుపుగానే ఉంటుంది, ప్రతి సిగ్నల్ దగ్గరా బలమంతా వాడుకుంటే ఆ బలానికి తగ్గ పెట్రోలు పోయాల్సిందే. ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు ఇప్పుడు బంకుల్లో మామూలైంది. ఇథనాల్‌లో లీటరుకు శక్తి పెట్రోలు కంటే మూడో వంతు తక్కువ కాబట్టి, కలపని పెట్రోలుతో పోలిస్తే ఆరేడు శాతం శక్తి తగ్గుతుంది. కానీ ఇథనాల్‌కు నాక్‌ను, అంటే సిలిండర్‌లో ఇంధనం వేళ తప్పి పేలడాన్ని, అడ్డుకునే గుణం ఎక్కువ, అది టర్బోకు మేలు చేసే గుణం. 2023 ఏప్రిల్ తర్వాత తయారైన కార్లలో గొట్టాలు, సీళ్లు ఈ ఇంధనాన్ని తట్టుకునేలా ఉంటాయి. కొత్త బండి కొనేవారికి ఇథనాల్ భయపడాల్సినంత విషయం కాదు, మైలేజి ఆశను కాస్త తగ్గించుకోవాల్సిన విషయం మాత్రమే.

డబ్బు విషయంలో మాన్యువల్ గెలిచేది కొనే రోజునే. 2023 మార్చిలో వెర్నా విడుదలైనప్పుడు ఎస్ఎక్స్ టర్బో మాన్యువల్ షోరూం ధర 14.84 లక్షలు, అదే బండి డ్యూయల్ క్లచ్‌తో 16.08 లక్షలు. 1.24 లక్షల ఈ తేడాకు జీవితకాల పన్ను, బీమా కలిపితే ఆన్ రోడ్ ధరలో లక్షన్నర దరిదాపుకు చేరుతుంది. అప్పు తీసుకుంటే దానికి వడ్డీ అదనం. రీసేల్‌లో ఈ ఆదా కొంత తిరిగి కరిగిపోవచ్చు. నగరాల్లో ఆటోమేటిక్‌కు గిరాకీ ఏటేటా పెరుగుతోంది, టర్బో మాన్యువల్ సెడాన్‌ను వెతుక్కుంటూ వచ్చేవారు కొద్దిమందే. అయితే ఎనిమిదేళ్లు దాటిన డ్యూయల్ క్లచ్ బండిని కొనడానికీ సెకండ్ హ్యాండ్ కొనుగోలుదారు జంకుతాడు. ఎక్కువ కాలం ఉంచుకునేవారికి ఈ రెండూ ఇంచుమించు సరితూగుతాయి.

పన్నుల గురించి ఒక నిజం చెప్పుకోవాలి, ఇది సెడాన్‌కు అనుకూలం కాదు. 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ మారాక, నాలుగు మీటర్ల లోపు పొడవు, 1200 సీసీ లోపు పెట్రోలు ఇంజిన్ ఉన్న కార్లకు పన్ను 29 శాతం నుంచి 18కి తగ్గింది. నాలుగున్నర మీటర్లుండే వెర్నా, వర్టస్, స్లావియాలకు 45 నుంచి 40కి తగ్గింది. రెంటి మధ్య దూరం 16 నుంచి 22 పాయింట్లకు పెరిగింది. అందుకే చిన్న ఎస్‌యూవీ టర్బో అదే డబ్బుకు ఎక్కువ హంగులతో కనిపిస్తుంది. పైగా 2024-25లో దేశంలో అమ్ముడైన ప్రయాణికుల వాహనాల్లో 65 శాతం యుటిలిటీ రకానివే. మారుతీ సియాజ్ కూడా 2025లో ఆగిపోయింది. గుంతల రోడ్లు, పెద్ద స్పీడ్ బ్రేకర్లు, వానాకాలం నీళ్లు నిలిచే కాలనీలు ఉన్నవారు ఎత్తున్న బండి కోరుకోవడం న్యాయమే. కానీ గీతకు పైన నడిచేవారికి సెడాన్ ఆకారమే సగం ప్రయోజనం. గాలి అడ్డు వేగం పెరిగిన కొద్దీ వర్గంగా పెరుగుతుంది. ఎనభై నుంచి నూట ఇరవైకి పోతే రెండుంబావు రెట్లు. హైదరాబాద్ చుట్టూ 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు మీద ఇప్పుడు నూట ఇరవై దాకా అనుమతి ఉంది. అక్కడ తక్కువ ఎత్తు, జారుడు ఒంపు ఉన్న బండికి ఇంజిన్ శ్రమ తగ్గుతుంది, మలుపులో ఒరుగు తగ్గుతుంది. వెర్నా డిక్కీ 528 లీటర్లు, వర్టస్, స్లావియాలది 521. సంక్రాంతికి ఊరెళ్లే కుటుంబం సామాను మొత్తం సీట్ల మధ్యకు రాకుండా అందులో పడుతుంది. ఈ మూడు సెడాన్లకూ 2023లో గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో అయిదు నక్షత్రాలు వచ్చాయి, కాబట్టి ఎత్తు తక్కువైతే భద్రత తక్కువ అన్న వాదన నిలవదు.

మన వేసవి గురించి ప్రత్యేకంగా చెప్పాలి. టర్బో ఇరుసు నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరిగే వస్తువు. దాన్ని బతికించేది ఇంజిన్ ఆయిలే. రామగుండంలోనో రెంటచింతలలోనో 45 డిగ్రీల ఎండలో, 25 డిగ్రీల నాటి గాలితో పోలిస్తే దాదాపు ఆరు శాతం తక్కువ సాంద్రత ఉన్న గాలి ఇంజిన్‌లోకి పోతుంది. మామూలు ఇంజిన్ ఆ మేరకు బలం కోల్పోతుంది. టర్బో ఇంకాస్త ఊది ఆ లోటును కొంత పూడుస్తుంది, బదులుగా ఇంకాస్త వేడెక్కుతుంది. కంపెనీ చెప్పిన గ్రేడు ఆయిల్‌ను, చెప్పిన గడువు కంటే ముందే తప్ప తర్వాత కాకుండా మార్పించడం ఈ బండికి మొదటి మందు. హైవే మీద గట్టిగా తోలి వచ్చాక దాబా దగ్గర ఆగిన వెంటనే ఇంజిన్ ఆపకుండా ఒక నిమిషం ఖాళీగా తిరగనివ్వడం రెండోది. ఇప్పటి టర్బోల్లో నీటితో చల్లబరిచే ఏర్పాటు ఉన్నా, ఆ నిమిషం వృథా పోదు. ఆయిల్ మార్పించడం ఏళ్లకేళ్లు వాయిదా వేసే ఇంట్లో టర్బో పెట్టుకోవద్దని గట్టిగా చెబుతాను. అలాంటి నిర్లక్ష్యాన్ని మామూలు ఇంజిన్ కొంతకాలం ఓర్చుకుంటుంది, ఇది ఓర్చుకోదు.

కుటుంబంలో బండి నడిపేవారెందరన్నది ఇంకో గట్టి అభ్యంతరం. మోకాళ్ల నొప్పులున్న తండ్రి, ఆటోమేటిక్ స్కూటరుతో డ్రైవింగ్ మొదలుపెట్టిన కూతురు, రోజూ ఇరవై కిలోమీటర్ల ట్రాఫిక్‌లో ఆఫీసుకు పోయే భార్య ఇదే బండిని పంచుకోవాలంటే, హైవే మీద ఇష్టంగా నడిపే ఒక్కరి కోసం మిగతావారి కాలును బలిపెట్టకూడదు. మాన్యువల్‌లో కొన్ని భద్రతా హంగులు కూడా సగమే పనిచేస్తాయి. ముందున్న బండి ఆగితే ఆగి, కదిలితే తనంతట తాను కదిలే క్రూయిజ్ కంట్రోల్ దీనికి కుదరదు, క్లచ్ నొక్కేది మనిషి కాలే కాబట్టి. పెళ్లిళ్లకూ తీర్థయాత్రలకూ యాక్టింగ్ డ్రైవర్‌ను పెట్టుకునే ఇళ్లలో మాన్యువల్ నడపడం ఎవరికైనా వస్తుంది, కానీ టర్బోను ఎలా నడపాలో అతనికీ చెప్పాల్సి వస్తుంది.

ఈ లెక్కల మీద నా తీర్పు ఇది. నెలలో మీరు తిరిగే కిలోమీటర్లలో సగానికి పైగా హైవేలు, ఔటర్, జిల్లా రోడ్ల మీద అయితే, బండిని ఏడెనిమిదేళ్లు ఉంచుకునే ఉద్దేశం ఉంటే, నడిపేది ప్రధానంగా ఒకరో ఇద్దరో అయితే, 1.5 లీటర్ల టర్బో మాన్యువల్ సెడాన్ కొనండి. ఈ ధరలో ఆ రోడ్లకు ఇంతకంటే తగిన బండి లేదు. గుంటూరు నుంచి హైదరాబాద్‌కు వారం వారం తిరిగే వ్యాపారి, కర్నూలులో ఉంటూ బెంగళూరు, హైదరాబాద్ రెండు దిక్కులా పోయే ఇంజినీరు ఆ గీతకు పైనున్నవారు. కూకట్‌పల్లి నుంచి గచ్చిబౌలికి పోయి వచ్చేవారు గీతకు కిందనున్నవారు. వారికి టర్బో మాన్యువల్ వద్దు. వారి ఎదుట ఇంకా మంచి దారులున్నాయి. ఎలక్ట్రిక్ మోటారుకు అసలు ఈ గీతే లేదు, ఆగి ఉన్న చోటి నుంచే పూర్తి టార్క్ ఇస్తుంది. తెలంగాణలో 2026 డిసెంబరు 31 దాకా ఎలక్ట్రిక్ కార్లకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు మినహాయించారు. ఇంట్లో ఛార్జింగ్ పెట్టుకునే వీలులేనివారికి హోండా సిటీ హైబ్రిడ్, కాకపోతే టర్బో లేని ఇంజిన్‌తో ఆటోమేటిక్ నప్పుతాయి. సగం సగంగా నడిపేవారు ఒక లీటరు టర్బోకు టార్క్ కన్వర్టర్ ఉన్న బండి నడిపి చూడాలి.

ఏ పక్కన ఉన్నామో తేలనివారికి టెస్ట్ డ్రైవ్ తేలుస్తుంది, సరిగ్గా చేస్తే. షోరూంవారు ఎంచుకునే ఖాళీ రోడ్డు మీద ఏ టర్బో అయినా బాగానే ఉంటుంది. సాయంత్రం ఆరున్నరకు వెళ్లి, రద్దీ ఉన్న సిగ్నళ్ల మీదుగా ఇరవై నిమిషాలు నడపండి. ఫ్లైఓవర్ ఎక్కే చోట ఆగి కదిలించండి. మూడో గేరులో ముప్ఫై వేగంలో పెడల్ మెల్లగా నొక్కి, బండి ఎంతసేపటికి అందుకుంటుందో చూడండి. ఆ తర్వాత ఔటర్ ఎక్కి ఆరో గేరులో ఎనభై నుంచి వందకు పోండి. ఏసీ పూర్తిగా పెట్టి, నలుగురు కూర్చుని చేయండి, ఎందుకంటే కొన్నాక నడిపేది అలాగే. డీలర్ల దగ్గర డెమోకు తరచుగా ఆటోమేటిక్ మాత్రమే ఉంటుంది, అదే ఇంజిన్ కదా అంటారు. ఇంజిన్ అదే, మీ కాలు చేసే పని వేరు. పెద్ద ఇంజిన్‌తో మాన్యువల్ వేరియంట్లు కంపెనీల జాబితాలోకి వస్తూ పోతూ ఉంటాయి. వర్టస్‌లో 1.5 లీటర్ల ఇంజిన్ 2022లో మొదట ఆటోమేటిక్‌తోనే వచ్చి, మాన్యువల్ ఆ తర్వాతి ఏడాది చేరింది. కాబట్టి మీరు కోరిన వేరియంట్ ఇప్పుడు తయారవుతోందా, లేక పాత స్టాకు అమ్ముతున్నారా, తయారీ నెల ఏది, పొడిగించిన వారంటీలో టర్బో, క్లచ్ ఎంతవరకు వస్తాయి అన్నవి కాగితం మీద రాయించుకోండి. మాన్యువల్ టర్బో డెమో బండి మీ ఊళ్లో లేకపోతే పక్క జిల్లా షోరూం నుంచి తెప్పించమనండి. దాన్ని నడిపేదాకా అడ్వాన్సు కట్టకండి.